బెంగళూరులో బీఈడీ: రెండుసార్లు ప్రొబేషన్‌లో పడ్డాక రాస్తున్న రివ్యూ

ఈ మధ్యే నా బీఈడీ పూర్తయింది. 2023లో చేరిన బ్యాచ్ మాది. రెండేళ్లలో, 'వెనకబడ్డావు, ఇన్ని వారాల్లో సరిచేసుకో' అని కాగితమిచ్చి నన్ను రెండుసార్లు ప్రొబేషన్‌లో పెట్టారు. మొదటిసారి పెట్టడం న్యాయమే, ఇవాళ నేను నలభై మంది పిల్లల ముందు నిలబడి నిబ్బరంగా పాఠం చెప్తున్నానంటే అది ఆ నాలుగు వారాల పుణ్యం. రెండోసారి పెట్టడం మాత్రం అన్యాయం, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో మండుతుంది. రెండూ ఒకే కాలేజీలో జరిగాయి కాబట్టి మొత్తానికి కలిపి ఒక రేటింగ్ ఇవ్వమంటే నావల్ల కావడం లేదు. అందుకే విడివిడిగా ఇస్తున్నాను: మన పాఠాన్ని చూసి దిద్దే పద్ధతికి ఐదుకి ఐదు, హాజరు లెక్కపెట్టే పద్ధతికి ఐదుకి ఒకటి.

కాలేజీ పేరు రాయడం లేదు. మా జూనియర్లు ఇంకా అక్కడే చదువుతున్నారు, నాకు పాఠం చెప్పడం నేర్పిన మేడమ్ ఇంకా అక్కడే పనిచేస్తున్నారు. ఔటర్ రింగ్ రోడ్డుకి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీ, పక్కనే వాళ్ల ట్రస్టుదే ఒక హైస్కూల్ ఉంది, ఆ మాత్రం తెలిస్తే చాలు.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న మన తెలుగువాళ్ల గ్రూపుల్లో బీఈడీ మాట వస్తే చాలు, మొదటి ప్రశ్న ఒకటే ఉంటుంది. "అక్కా, అటెండెన్స్ లేకుండా కుదిరే కాలేజీ ఏదైనా ఉందా?" పిల్లలతో, ఉద్యోగాలతో, అత్తామామలతో ఉన్నవాళ్లే అడుగుతారు, వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు, నాకూ ఆరేళ్ల బాబు ఉన్నాడు. కానీ అడగాల్సిన ప్రశ్న అది కాదని రెండేళ్లు చదివాక నాకు గట్టిగా అనిపిస్తోంది. నువ్వు ఎక్కడ తడబడుతున్నావో కాలేజీ ఎన్ని రోజుల్లో చెప్తుంది, ఎవరు చెప్తారు, ఎలా చెప్తారు, అడగాల్సింది ఇదీ.

ముందు రూల్స్ సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే చేరేముందు నాకూ తెలియవు. టీచర్ ట్రైనింగ్ కాలేజీలకి దేశమంతటా రూల్స్ పెట్టే సంస్థ ఎన్‌సీటీఈ. టీచర్ల శిక్షణ మీద వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన రిపోర్టు తర్వాత 2014లో కొత్త నిబంధనలు వచ్చాయి, వాటి ప్రకారం 2015 నుంచి బీఈడీ ఏడాది కోర్సు నుంచి రెండేళ్ల కోర్సు అయింది. ఏడాదికి కనీసం 200 పనిదినాలు, పరీక్షలూ అడ్మిషన్లూ జరిగే రోజులు ఇందులోకి రావు. వారానికి 36 గంటలు. క్లాసులకీ ప్రాక్టికల్స్‌కీ 80 శాతం హాజరు, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం. ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు, మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. ఏదైనా కారణంతో ఆగిపోతే చేరిన రోజునుంచి మూడేళ్లలోపు ముగించాలి. ఇవన్నీ దేశం మొత్తానికి ఒకటే, బెంగళూరైనా అనంతపురమైనా. ప్రొబేషన్ అన్నది మాత్రం మా కాలేజీ తనకు తాను పెట్టుకున్న పద్ధతి. ఉద్యోగంలో చేరాక ఉండే ప్రొబేషన్‌తో దీనికి సంబంధం లేదు. చదువు మధ్యలో వెనకబడుతున్నావని రాతపూర్వకంగా చెప్పి, ఇన్ని వారాల్లో ఇవి సరిచేసుకోవాలని గడువు పెట్టడం.

నాది హిందూపురం. అనంతపురంలో బీఎస్సీ మాథ్స్ చదివి, పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి, ఐదేళ్లు ఒక కంపెనీలో బ్యాక్ ఆఫీసు పని చేసి, బాబు పుట్టాక మానేశాను. వాడిని బడిలో వేశాక నేనూ బడికి వెళ్లాలనిపించింది. సరిగ్గా నేను అప్లికేషన్ పెట్టే రోజుల్లోనే, 2023 ఆగస్టు 11న, ప్రైమరీ క్లాసుల టీచరు పోస్టుకి బీఈడీ అర్హత కాదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఇంట్లో అందరూ "ఇప్పుడెందుకమ్మా" అన్నారు. నాకు హైస్కూల్ లెక్కలే చెప్పాలని ఉంది కాబట్టి చేరిపోయాను.

మొదటి సెమిస్టర్‌లో నాకు బాగా నచ్చింది మైక్రో టీచింగ్. మన పుస్తకాల్లో సూక్ష్మబోధన అని రాస్తారు. పిల్లలు ఉండరు, తోటి స్టూడెంట్లే పదిమంది బెంచీల్లో కూర్చుంటారు. ఒకసారికి ఒక్క నైపుణ్యమే: పాఠం ఎత్తుకోవడం, ప్రశ్న అడగడం, ఉదాహరణ ఇవ్వడం, బోర్డు మీద రాయడం, ఇలాగ. ఆరు నిమిషాలు చెప్పాలి, ఆరు నిమిషాలు తప్పులు వినాలి, పన్నెండు నిమిషాల్లో ప్లాన్ తిరగరాయాలి, మళ్లీ ఆరు నిమిషాలు చెప్పాలి, మళ్లీ ఆరు నిమిషాలు వినాలి. మొత్తం 36 నిమిషాలు. మా కాలేజీలో దీన్ని గడియారం పెట్టి నిజంగా చేయించారు. వేరే చోట చదివిన నా స్నేహితురాలు ఒక్కసారి కూడా ఇది చెయ్యకుండానే రికార్డు నింపి సంతకం పెట్టించుకుందట. ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతికి పాఠం చెప్తోంది, ప్రతిరోజూ పొద్దున కడుపులో దడ అంటుంది.

ప్రతి స్టూడెంట్‌కీ ఒక గైడ్ ఉంటారు. మొదటి ఏడాది మా గైడ్ మేడమ్ కింద ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. ఆరు వారాలకొకసారి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, లెసన్ ప్లాన్ రికార్డు, అబ్జర్వేషన్ షీట్లు, ఇంటర్నల్ మార్కులు, హాజరు నాలుగూ ముందు పెట్టుకుని మాట్లాడేవారు. మేడమ్‌ది కోలార్ దగ్గర ఊరు, ఇంట్లో తెలుగే మాట్లాడతారట, అందుకని నాతో గట్టిగా చెప్పాల్సినవన్నీ తెలుగులోనే చెప్పేవారు.

ఇప్పుడు మొదటి ప్రొబేషన్. రెండో సెమిస్టర్‌లో నాలుగు వారాల బడి ఉంటుంది కదా, నన్ను పక్కనున్న హైస్కూల్‌కే వేశారు. ఏడో తరగతి, 41 మంది. పూర్ణసంఖ్యల పాఠం. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందో చెప్పాలి. లెసన్ ప్లాన్ రెండు రాత్రులు కూర్చుని రాశాను, చార్ట్ గీశాను, థర్మోకోల్‌తో సంఖ్యారేఖ చేశాను. మేడమ్ వచ్చి చివరి బెంచీలో పిల్లల పక్కన కూర్చున్నారు. నలభై నిమిషాలు గడగడా చెప్పేశాను, ముందు వరుస పిల్లలు బాగా జవాబులిచ్చారు, బెల్ కొట్టేసరికి సరిగ్గా పాఠం అయిపోయింది. చాలా బాగా చెప్పాననుకున్నాను.

సాయంత్రం మేడమ్ ఒక కాగితం ముందు పెట్టారు. దాని మీద క్లాసు బొమ్మ గీసి ఉంది, ఏ బెంచీలో ఎవరు కూర్చున్నారో చిన్న చిన్న గళ్లు. నేను ఎవరిని ప్రశ్న అడిగితే ఆ గడిలో ఒక టిక్. మొత్తం 22 ప్రశ్నలు. అందులో 17 ముందు రెండు వరుసలకే. కిటికీ పక్కన వెనక మూడు బెంచీల్లో పదకొండు మంది పిల్లలుంటే అక్కడ ఒక్క టిక్ కూడా లేదు. 14 ప్రశ్నలకి జవాబు నేనే చెప్పేశాను, పిల్లలు నోరు తెరిచేలోపే. ఇంకో లెక్క కూడా రాశారు, బోర్డు వైపు తిరిగి మాట్లాడింది తొమ్మిది నిమిషాలు. నా గొంతు బోర్డుకే వినిపించిందన్నమాట.

ఆ క్లాసులో ముగ్గురు తెలుగు పిల్లలున్నారు. కదిరి వైపునుంచి వచ్చి బిల్డింగ్ పనులు చేసుకునేవాళ్ల పిల్లలు. వాళ్ల మొహాలు చూసి నేను మధ్యలో రెండు నిమిషాలు తెలుగులో చెప్పాను, వాళ్లు వెలిగిపోయారు, నాకూ సంతోషమేసింది. మేడమ్ దాన్నీ రాసుకున్నారు. "తెలుగులో చెప్పడం తప్పు కాదమ్మా, వాళ్లకి అర్థమైంది, మంచిదే. కానీ ఆ రెండు నిమిషాలు మిగతా ముప్పై ఎనిమిది మందికి ఏం పని ఇచ్చావు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. కన్నడ పిల్లలు, తమిళ పిల్లలు, హిందీ పిల్లలు గాల్లోకి చూస్తూ కూర్చున్నారని అప్పుడు గుర్తొచ్చింది.

వారం తర్వాత ఇంకో పాఠం చూశారు, దాదాపు అంతే. ఆ శుక్రవారం ప్రొబేషన్ కాగితం ఇచ్చారు. ఆ రోజు 500డీ బస్సులో సిల్క్ బోర్డు వైపు వస్తూ కిటికీలోంచి బయటికి చూస్తూనే ఏడ్చాను, ఎవరికీ కనపడకూడదని. ఇంట్లో చెప్తే మావారు "అంటే ఫెయిలా?" అన్నారు. అమ్మకైతే చెప్పనేలేదు. క్లాసులో కూడా ప్రొబేషన్ అంటే ఏదో దొంగతనం చేసి దొరికినట్టు గుసగుసలాడేవాళ్లు. దీని గురించి కాలేజీ మొదటి రోజే అందరికీ విడమరిచి చెప్పి ఉంటే ఆ గుసగుసలు ఉండేవి కావు, ఈ విషయంలో మాత్రం వాళ్లది లోపమే.

కానీ ఆ కాగితం గురించి చెప్పాలి. ఒకటే పేజీ. 'మెరుగుపడాలి', 'ఆత్మవిశ్వాసం పెంచుకోవాలి' లాంటి గాలి మాటలు ఒక్కటీ లేవు. మూడే పనులు. ప్రతి పీరియడ్‌లో అన్ని వరుసల నుంచి కనీసం పది మంది వేర్వేరు పిల్లల్ని అడగాలి, అడిగినవాళ్లని నేనే సీటింగ్ బొమ్మ మీద గుర్తు పెట్టుకోవాలి. ప్రశ్న అడిగాక మనసులో మూడు లెక్కపెట్టేదాకా నోరు తెరవకూడదు. బోర్డు మీద రాసేటప్పుడు మాట్లాడకూడదు, రాయడం ఆపి పిల్లలవైపు తిరిగాకే మాట్లాడాలి. గడువు నాలుగు వారాలు, శనివారం శనివారం అదే బడిలో ఒక పాఠం. రెండు పాఠాలు మా మేడమ్ చూస్తారు, ఒకటి నన్ను అంతకుముందు ఎప్పుడూ చూడని ఇంకో లెక్చరర్ చూస్తారు, ఒకరి అభిప్రాయం మీదే తేల్చకూడదని. కింద ఇంకో వాక్యం ఉంది: ఈ కాగితం మార్కుల జాబితాలోకి ఎక్కదు. ఆ ఒక్క వాక్యం చదివాక నాకు ఊపిరి వచ్చింది.

మూడు లెక్కపెట్టమనడం వెనక పెద్ద పరిశోధన ఉందని తర్వాత చదివాను. మేరీ బడ్ రోవ్ అనే అమెరికా ఆవిడ 1970ల్లో క్లాసుల టేపులు విని తేల్చింది, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగరని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగవుతాయని, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారని. పుస్తకంలో చదివితే చాలా చిన్న విషయం. క్లాసులో నిలబడి మూడు లెక్కపెట్టి చూడండి, అంత నిశ్శబ్దంలో మనకేమీ రాదని పిల్లలు అనుకుంటారేమోనని భయమేస్తుంది, చెమటలు పడతాయి.

మూడో శనివారం. మళ్లీ మైనస్ మైనస్ గుణకారమే, రివిజన్‌లాగా. "ఐదొందల బాకీని మైనస్ ఐదొందలు అని రాద్దాం. అప్పుడు మైనస్ రెండు ఇంటూ మైనస్ ఐదొందలకి అర్థం ఏముంటుంది?" అని అడిగి ఆగాను. ఒకటి, రెండు, మూడు. ఎవరూ మాట్లాడలేదు. నాలుగు. కిటికీ పక్క వెనక బెంచీలో ఒక అమ్మాయి, నేను అప్పటిదాకా పేరు కూడా నేర్చుకోని అమ్మాయి, సగం చెయ్యి ఎత్తింది. వాళ్లమ్మ చీటీ కడుతుందట. నెలకి ఐదొందలు. "రెండు నెలల బాకీ కొట్టేస్తే, రెండుసార్లు తీసేసినట్టే కదా మిస్, అప్పుడు అమ్మ దగ్గర వెయ్యి మిగులుతుంది" అని కన్నడంలో చెప్పింది. క్లాసంతా వెనక్కి తిరిగి ఆ పిల్లని చూసింది. నా థర్మోకోల్ సంఖ్యారేఖ చెయ్యలేని పని ఆ పిల్ల చీటీ లెక్క చేసింది. తెలుగు పిల్లలు ముగ్గురికీ కన్నడం నాకన్నా బాగా వచ్చు, వాళ్లకీ అర్థమైంది. చివరి బెంచీలో మేడమ్ ఆ గడిలో టిక్ పెట్టుకోవడం చూశాను.

నాలుగో వారం ప్రొబేషన్ ఎత్తేశారు. సీటింగ్ బొమ్మ గీసుకుని టిక్కులు పెట్టుకునే అలవాటు మాత్రం ఇప్పటికీ పోలేదు, పోనివ్వను కూడా. ఈ భాగానికి ఐదుకి ఐదు ఇచ్చానంటే ఇందుకే. ఎవరో ఒకరు వచ్చి వెనక బెంచీలో నలభై నిమిషాలు కూర్చున్నారు, చూసింది లెక్కతో సహా రాశారు, ఏం చెయ్యాలో మూడు ముక్కల్లో చెప్పారు, మళ్లీ వచ్చి చూశారు.

రెండో ఏడాది కథ వేరు. ముగ్గురు లెక్చరర్లు కాలేజీ వదిలి వెళ్లిపోయారు, చాలాకాలం వాళ్ల చోట ఎవరినీ తీసుకోలేదు. ఏటా వంద మందిని చేర్చుకునే కాలేజీలో 16 మంది ఫుల్‌టైమ్ అధ్యాపకులు ఉండాలన్నది ఎన్‌సీటీఈ లెక్క. మా గ్రూపులో ఎనిమిది మందిమి కాస్తా పదిహేను మందిమి అయ్యాం, గైడ్ కూడా మారారు. కొత్త సార్ మంచివారే, కానీ పదిహేను మంది ఏడు వేర్వేరు బళ్లలో ఉంటే ఒక్క మనిషి ఎక్కడికని తిరుగుతారు? పదహారు వారాల్లో నా బడికి ఆయన వచ్చింది రెండుసార్లు. ఆరు వారాల మీటింగులు ఆగిపోయాయి. వాటి బదులు ఒక యాప్ ఇచ్చారు, మీ ప్రోగ్రెస్ అందులో చూసుకోండని.

యాప్ గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, అది చూపించే అంకె ఎప్పుడూ నెల వెనకది. బడి ఇచ్చిన హాజరు కాగితాన్ని నెలాఖరున కాలేజీకి పంపాలి, ఆఫీసులో ఒకాయన దాన్ని ఎక్కించాలి, ఆయనకి పరీక్ష ఫీజుల పని పడితే ఇది ఇంకో రెండు వారాలు ఆగుతుంది. జూలైలో మొదలైన ఇంటర్న్‌షిప్‌కి మొదటి నెల హాజరు నాకు యాప్‌లో కనపడింది సెప్టెంబర్ సగం దాటాక.

ఈలోగా ఆగస్టులో మా బాబుకి డెంగీ. 2024లో బెంగళూరులో డెంగీ ఎలా విజృంభించిందో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, సెప్టెంబర్‌లో కర్ణాటక ప్రభుత్వం దాన్ని అంటువ్యాధిగా ప్రకటించింది కూడా. ప్లేట్‌లెట్లు పడిపోయి ఐదు రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాం. ఇంకొక రోజు హిందూపురంలో చావు కబురు వచ్చి వెళ్లాను. మొత్తం ఆరు సెలవులు. 90 శాతం లెక్క నాకు తెలుసు, 92 పనిదినాల్లో తొమ్మిది దాకా పోయినా ఫర్వాలేదని వేసుకుని, మిగతా మూడింటినీ ప్రాణంలా దాచుకున్నాను.

పన్నెండో వారంలో మెయిల్‌కి ప్రొబేషన్ నోటీసు వచ్చింది. ఫోన్ లేదు, పిలిచి అడగడం లేదు. అప్పటికి 68 పనిదినాలైతే నేను వచ్చింది 58 అని ఉంది, అంటే 85 శాతం. మిగిలిన 24 రోజులూ ఒక్కపూట కూడా మానకుండా వెళ్లినా 82 అవుతాయి, 92కి 82 అంటే 89 చిల్లర. కావాల్సింది 83. ఒక్క రోజు తక్కువ! ఆ ఒక్క రోజు కోసం పదహారు వారాలూ మళ్లీ చెయ్యాలంటే ఇంకో ఏడాది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు, మావారు కూడా కాలిక్యులేటర్ పట్టుకుని మళ్లీ మళ్లీ అదే లెక్క వేశారు, టెన్షన్‌తో ఇద్దరికీ అన్నం కూడా దిగలేదు.

నేను మానింది ఆరు రోజులు, వాళ్లు చూపించింది పది. ఆ నాలుగు రోజులు ఎక్కడ పోయాయి? ఇంటర్న్‌షిప్ రిజిస్టర్‌లో రోజూ మనం సంతకం పెట్టాక దాని పక్కన, బడిలో మనల్ని చూసుకునే మెంటర్ టీచర్ సంతకం ఉండాలి. మా మెంటర్ టీచర్ మూడో వారంలో మూడు రోజులు ట్రైనింగ్‌కి వెళ్లారు, ఏడో వారంలో ఒక రోజు సెలవు. ఆ నాలుగు రోజులూ ఆవిడ సంతకం లేదు కాబట్టి నేను రానట్టు రాసేశారు. నిజానికి ఆ నాలుగు రోజులే నేను అందరికన్నా ఎక్కువ పనిచేశాను, ఆవిడ పీరియడ్లన్నీ నేనే తీసుకున్నాను! ఆఫీసుకి వెళ్లి చెప్తే ఒకటే జవాబు, "సిస్టమ్‌లో ఇలాగే ఉంది మేడమ్". మెంటర్ టీచర్ ఇప్పుడు సంతకం పెడతానన్నారు, వెనక తేదీతో పెడితే చెల్లదన్నారు. ఆ నియమం నాకూ సబబే అనిపించింది, వెనక తేదీ సంతకాలు ఒప్పుకుంటే అసలు రాని వాళ్లందరూ అలాగే తెచ్చుకుంటారు. కానీ మెంటర్ లేని రోజు ఎవరు సంతకం పెట్టాలో మాకెవరూ చెప్పలేదు, రిజిస్టర్‌లో ఆ గడీ లేదు.

నన్ను బయటపడేసింది ఆ బడి హెడ్ మిస్ట్రెస్. ఏ టీచరైనా రాకపోతే వాళ్ల పీరియడ్లు ఎవరికి పంచారో రోజూ రాసే సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్ ప్రతి బడిలో ఉంటుంది. ఆవిడ దాన్ని తీయించి, ఆ రోజుల పేజీల్లో నా పేరు చూపించి, ఫొటోకాపీలు తీసి, బడి సీలు వేసి ఉత్తరం ఇచ్చారు. "నా బడిలో పాఠం చెప్పిన అమ్మాయి రాలేదని ఎవరంటారు, నేను వచ్చి చెప్తాను" అన్నారు. కాలేజీ మూడు రోజులు ఒప్పుకుంది. నాలుగో రోజు పేజీలో పేరు బదులు 'ట్రైనీ' అని రాసి ఉందట, బడిలో మేం ఇద్దరు ట్రైనీలం, అందుకని అది కొట్టేశారు. చివరికి 92కి 85, గట్టెక్కాను. కానీ ఆ మూడు వారాలు నేను పిల్లల మీద పెట్టాల్సిన బుర్రంతా కాగితాల మీద పెట్టాను.

దీనికి ఐదుకి ఒకటి ఇచ్చానంటే కోపంతో కాదు. మొదటి నోటీసులో ఏం చెయ్యాలో రాసి ఉంది, రెండో నోటీసులో 'హాజరు మెరుగుపరచుకోవాలి' అని ఒక్క లైను తప్ప ఏమీ లేదు, మెరుగుపరచుకున్నా 90 దాటడం లెక్క ప్రకారమే అసాధ్యమైన రోజున అది పంపారు. ఐదో వారంలో మొదటి నెల లెక్క నా కళ్లపడి ఉంటే మూడు రోజుల సంతకం సంగతి అప్పుడే తేలిపోయేది, ఏడో వారంలో ఇంకొకటి పోయేది కాదు. ఆ ఒక మార్కు కూడా, వాళ్లు ఉత్తరం చదివి మూడు రోజులైనా ఒప్పుకున్నందుకు.

మా బ్యాచ్‌లో ఒకబ్బాయి ఉండేవాడు, మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ రాత్రి షిఫ్టు ఉద్యోగం చేస్తూ చదివాడు. ఫిజిక్స్ ఎంత బాగా చెప్పేవాడంటే వేరే మెథడ్ వాళ్లం, అంటే వేరే సబ్జెక్టు చెప్పడం నేర్చుకునేవాళ్లం కూడా వెళ్లి వెనక కూర్చునేవాళ్లం. అతనికీ అదే వారం అదే నోటీసు. అతనివి నిజంగానే మానిన రోజులు, మొదటి నెలలోనే ఎక్కువ పోయాయి, కానీ ఎన్ని పోయాయో ఎవరూ చెప్పలేదు, తనూ లెక్క పెట్టుకోలేదు. ఇప్పుడు మూడో ఏడాదిలో ఇంటర్న్‌షిప్ మళ్లీ చేస్తున్నాడు, మూడేళ్ల గడువులో ఇదే చివరి అవకాశం. అలాంటి టీచరు పోతే నష్టం పిల్లలది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. లైబ్రరీ బాగుంది, సాయంత్రం ఐదుకే మూసేస్తారు. క్యాంటీన్‌లో పొద్దున ఇడ్లీ వడ తప్ప చెప్పుకోదగ్గది లేదు. తెలుగు మెథడ్ లేదు, మన భాషలో ట్రైనింగ్ కావాలంటే ఇక్కడికి రావద్దు. కన్నడం రాకపోతే బడిలో కష్టం, చేరేముందే మాట్లాడటం నేర్చుకోండి, రాయడం రాకపోయినా ఫర్వాలేదు. కేంద్రం పెట్టే టీచర్ అర్హత పరీక్ష సీటెట్‌కి మాత్రం భాషల్లో తెలుగు ఎంచుకోవచ్చు, 150కి 90 రావాలి, మా కాలేజీలో దానికి వేరే కోచింగ్ ఏమీ ఇవ్వరు.

మీరు ఏ కాలేజీలో చేరబోతున్నా, ఫీజు కట్టేముందు ఆఫీసులో కాకుండా రెండో ఏడాది స్టూడెంట్లని గేటు దగ్గర పట్టుకుని అడగండి. మీ గైడ్ కింద ఎంతమంది, ఇంటర్న్‌షిప్‌లో మీ పాఠం ఎన్నిసార్లు చూశారు, చూశాక ఏం రాసిచ్చారు, ఆ కాగితం ఒకసారి చూపించండి. 'గుడ్', 'ఇంకా బాగా చెప్పాలి' అని మాత్రమే రాసి ఉంటే ఆ కాలేజీలో ఎవరూ వెనక బెంచీలో కూర్చోవడం లేదని అర్థం. పోయిన నెల హాజరు ఇవాళ ఫోన్‌లో కనపడుతుందా అని అడగండి. చేరాక ఇంకో పని చెయ్యండి, ఇంటర్న్‌షిప్ రిజిస్టర్ పేజీని ప్రతి శనివారం ఫొటో తీసి పెట్టుకోండి, మెంటర్ రాని రోజు హెచ్‌ఎం దగ్గర అదే రోజు సంతకం పెట్టించుకోండి, సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్‌లో మీ పేరు పూర్తిగా రాయమని మర్యాదగా అడగండి. 'ట్రైనీ' అని రాయనివ్వకండి.

ఇది రాసి పక్కన పెట్టాక పుంగనూరు నుంచి వచ్చిన ఒక జూనియర్ అమ్మాయి నిన్న ఫోన్ చేసింది. ఈ ఏడాదినుంచి ఇంటర్న్‌షిప్ హాజరు ప్రతి సోమవారం నోటీసు బోర్డు మీద పెడుతున్నారట, ఖాళీ పోస్టుల్లో ఇద్దరిని తీసుకున్నారట. రిజిస్టర్‌లో హెచ్‌ఎం సంతకానికి గడి పెట్టారా అని అడిగాను. "ఇంకా లేదక్కా, పాత రిజిస్టర్లే ఇచ్చారు, నేనే పక్కన పెన్నుతో గీత గీసి పెట్టించుకుంటున్నా" అంది. హాజరు పద్ధతికి ఇచ్చిన ఒకటిని రెండు చేస్తున్నాను, ఆ గడి అచ్చులో వచ్చాక మళ్లీ మారుస్తాను.